చాన్ ఆంటీ కింది పన్ను

లవంగ నూనె వాసన తగిలితే ఇప్పటికీ నా కుడిచేయి దానంతటదే పిడికిలి బిగించుకుంటుంది. మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి నీలను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడూ అంతే అయింది. ఇక్కడ ఇంగ్లండులో డాక్టరు కూర్చునే చోటుని సర్జరీ అంటారు. ఆ మాట వింటేనే కత్తులూ కటార్లూ కళ్ళముందు మెదిలి హడలిపోయిన రోజులు నాకున్నాయి. తలుపు తీయగానే లవంగ నూనె, మందునీళ్ళు, రబ్బరు తొడుగులు కలగలిసిన వాసన ముఖానికి కొట్టింది. లోపలి గదిలోంచి సన్నగా మిషను కూత. నీల నా చేయి పట్టుకుంది. దాని కింది పన్ను ఒకటి పుచ్చి, చిగుళ్ళు వాచాయి. తీసేయాలన్నారు. పాలపన్నే, మళ్ళీ వస్తుంది. అయినా నాకు భయంగానే ఉంది, అది కింది పన్ను కాబట్టి. కింది పన్ను పోతే ఎందుకు భయపడతారో నాకు చెప్పిందీ, భయం పోకపోయినా మనిషి ఏం చేయవచ్చో చూపించిందీ ఒక్కరే. ఆవిడ మీకెవరికీ తెలియదు. స్టీవెనేజ్‌లో మా పక్కింట్లో ఉండే చాన్ ఆంటీ.

మేము ఆ ఊరు వచ్చేనాటికి మిలీనియం హడావిడి అప్పుడే సద్దుమణిగింది. మా ఆయనకు విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే ఆయన వెళ్ళిపోతే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. నేను తెనాలిలో పుట్టి, పెళ్ళయ్యేదాకా తెనాలి దాటని మనిషిని. ఫోను మోగితే భయం, తలుపు తడితే భయం, బస్సు డ్రైవరు ఏమన్నా అడిగితే మరీ భయం. మా అమ్మ నన్ను చూసి, "నీ నీడ చూసి నువ్వే జడుసుకుంటావే" అనేది. ఇంగ్లండు వచ్చాక ఆ నీడ కూడా సరిగ్గా కనిపించేది కాదు, ఎండ లేక. అలాంటి నన్ను ఒకరోజు పెరటి కంచె మీదుగా చూసి, చేతిలో కొత్తిమీర కట్ట చాచిన ముసలావిడే చాన్ ఆంటీ. పొట్టిగా, బిరుసుగా, నెరిసిన జుట్టు చెవులదాకా కత్తిరించుకుని ఉండేది.

హాంకాంగ్ దగ్గరి ఏదో పల్లె నుంచి వయసులో ఉండగా భర్తతో ఈ దేశం వచ్చిందట. ఇద్దరూ కలిసి వంటకాలు పొట్లం కట్టిచ్చే టేక్‌అవే కొట్టు నడిపారు. భర్త పోయాక కొట్టు అమ్మేసి కౌన్సిల్ వాళ్ళు తక్కువ అద్దెకిచ్చే ఈ ఇంట్లో ఒంటరిగా ఉండేది. కూతురు మే, అల్లుడు మాంచెస్టర్‌లో ఉండేవారు. ఆంటీకి వచ్చిన ఇంగ్లీషు మెనూ కార్డు మీద ఉన్నంత. నాది బడిలో బట్టీపట్టినంత. ఆ రెంటినీ కలిపే మేము మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ వాటిని తెలుగులో రాస్తున్నాను గానీ, మా నోట వినుంటే మీకు నవ్వొచ్చేది.

ఆవిడకు భయం అంటే తెలియదనుకునేదాన్ని. మా వీధిలో కుర్రాళ్ళు ఒకసారి ఆవిడ కిటికీకి గుడ్లు విసిరితే, ఇనుప గరిటె పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. తిరిగి వచ్చి ఏమీ జరగనట్టు బియ్యం కడగడం మొదలుపెట్టింది. నన్ను మొదటిసారి బస్సెక్కించింది ఆవిడే. నేను స్టాపులో వణుకుతుంటే, "భయమా? సరే. దాన్నీ పక్కన కూర్చోబెట్టుకో. దానికి టికెట్ అక్కర్లేదు" అంది. నవ్వేటప్పుడు మాత్రం అరచేయి నోటికి అడ్డం పెట్టుకునేది. అదేదో వాళ్ళ మర్యాద అనుకున్నాను. పళ్ళు చాలావరకు పాడయ్యాయని తర్వాత తెలిసింది.

పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళరా అని అడిగితే వింతగా చూసింది. వయసొస్తే జుట్టు నెరుస్తుంది, పళ్ళు ఊడతాయి, దానికి డాక్టరెందుకంది. కొట్టు నడిపిన రోజుల్లో తీరికలేదు. ఎప్పుడైనా హాంకాంగ్ వెళ్తే అక్కడ తన భాష మాట్లాడే డాక్టరుకు చూపించుకునేదట. భర్త పోయాక ఆ ప్రయాణాలూ ఆగిపోయాయి. ఇక్కడ నోరు తెరిచి పడుకుంటే ఆ పైన ఉన్నవాడు ఏమంటున్నాడో అర్థం కాదు, అర్థమైనా జవాబు చెప్పడానికి నోరు ఖాళీ ఉండదు. "వాడు అడుగుతాడు, నేను ఆ ఆ అంటాను. ఆ అంటే సరే అనుకుని పీకేస్తాడు" అంది. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఒక చలికాలం చివర్లో ఆవిడ ఎడమ దవడ వాచింది. ఆంటీ వేడి చేసిందంది. మాకూ అంతే కదా, ఒంట్లో ఏది తిరగబడినా ముందు వేడి చేసిందంటాం! ఇంకేముంది, ఇద్దరికీ మాట కలిసింది. ఆవిడ చేమంతి పూలు మరిగించి తాగింది. నేను చల్లటి మజ్జిగ పట్టుకెళ్ళి ఇచ్చాను, పంటి కింద పెట్టుకోమని లవంగ నూనెలో దూది ముంచి ఇచ్చాను. ఆవిడ వంటింట్లో ఎప్పుడు చూసినా అదే వాసన. కాస్త తగ్గినట్టే తగ్గి వాపు మళ్ళీ వచ్చేది. జీపీ దగ్గరికి, అంటే మామూలు డాక్టరు దగ్గరికి, వెళ్తే ఆయన మాత్రలిచ్చి, ఇది నా పని కాదు, పన్ను తీయించుకోవాల్సిందే అన్నాడు. కొత్తవాళ్ళను చేర్చుకునే పంటి సర్జరీ దొరకడం గగనమైపోయింది. ఫోనంటే హడలే నేనే, ఎల్లో పేజెస్ ఫోను పుస్తకం ముందేసుకుని ఒక్కొక్కరికీ చేశాను. చివరికి ఓల్డ్ టౌన్‌లో ఒకచోట రమ్మన్నారు.

డాక్టరు ఒక స్కాట్లండ్ అమ్మాయి. మెత్తటి గొంతు. నోట్లో అద్దం పెట్టి చూసి, ఎక్స్‌రే తీసి, కింది దవడ పన్ను వేరు దగ్గర చీము పట్టిందని చెప్పింది. పన్ను తీసి చీము బయటికి పంపాలి, ఆలస్యమైతే వాపు గొంతులోకి దిగుతుంది, అప్పుడు ఊపిరే ఆడదంది. ఆ మాట ఆంటీకి అర్థమయ్యేలా చెప్పడానికి మే సెల్‌ఫోన్‌లో ఉంది. డాక్టరు మేకి చెప్పడం, మే తల్లికి చెప్పడం. ఆంటీ ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు విని, తమ భాషలో రెండు ముక్కలు చెప్పి తిరిగి ఇచ్చేసింది. "ఇప్పుడు నొప్పి లేదంటోంది మమ్మీ. నా డెలివరీ అయ్యాక తీయించుకుంటుందట" అంది మే. అప్పటికి మే నిండు చూలాలు కాదు, నెలలు మిగిలే ఉన్నాయి. ఆంటీ కుర్చీ దిగి కోటు వేసుకుంది. డాక్టరు నావైపు చూసింది. నేను ఆంటీ వెనకే నడిచాను.

బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు కోపం ముంచుకొచ్చింది, అసలు కోపం కాదు, భయమే. ఇంటికొచ్చాక వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను. "గొంతులోకి దిగితే చచ్చిపోతారు ఆంటీ. తెలుస్తోందా?" ఆవిడ టీ పోసింది. గోడమీది పటంలో మే పెళ్ళి ఫోటో వైపు ఒకసారి చూసి, తలుపు వేసి ఉందో లేదో చూసి, అప్పుడు చెప్పింది.

పై పళ్ళు పెద్దవాళ్ళవట. కింది పళ్ళు పిల్లలవట. కలలో కింది పన్ను ఊడితే ఇంట్లో చిన్నవాళ్ళకు ముప్పు. నిజంగా ఊడితే చెప్పేదేముంది! ఈ దేశం రాకముందు ఆవిడకు ఒక కొడుకు ఉండేవాడు. నడక నేర్చిన పిల్లాడు. ఆవిడ కింది పన్ను నొప్పి చేస్తే సంతలో పళ్ళు పీకేవాడి దగ్గర తీయించుకుంది. నెల తిరక్కుండా పిల్లాడు జ్వరంతో పోయాడు. "ఒక పన్ను ఇచ్చాను, వాణ్ణి తీసుకున్నారు. ఇప్పుడు మే కడుపుతో ఉంది" అంది.

నేను నవ్వలేదు. నవ్వడానికి నాకేం అర్హత ఉంది? పళ్ళూడినట్టు కలొచ్చిందని మా నాయనమ్మ తెల్లారగట్ల లేచి కూర్చుని, ఆ వారమంతా మమ్మల్ని గుమ్మం దాటనివ్వకపోవడం నేను చూశాను. "ఈ సంగతి మేకి చెప్పొచ్చు కదా?" అన్నాను.

"కడుపుతో ఉన్నదాని దగ్గర ఆ మాట అనకూడదు. అంటే వింటారు. వింటే వస్తారు."

"మరి నాకు చెప్పారుగా?"

"నీకు ఇంగ్లీషులో చెప్పాను. ఇంగ్లీషులో చెడ్డమాట లెక్కలోకి రాదు. మా దెయ్యాలకి ఇంగ్లీషు రాదు."

ఆవిడ హాస్యమాడలేదు. సర్జరీలో ఎందుకు అబద్ధం చెప్పిందో అప్పుడు తెలిసింది. కూతురి నోటితో అడిగితే అసలు భయం బయటికి రాదు, ఎందుకంటే ఆ భయమంతా కూతురి గురించే. డాక్టరుకు భాష కావలసి వచ్చింది, ఫోను పట్టుకుంటే భాష దొరికింది, మాట మాత్రం దొరకలేదు. తర్వాత ఆంటీ నా గిన్నెలో టీ నింపి, "ఇప్పుడు నువ్వు చెప్పు. నీకూ ఏదో ఉంది" అంది. నేను చెప్పాను. వచ్చిన కొత్తలో నాకు ఒకసారి కడుపు పోయింది. మా అమ్మకు చెప్పలేదు, మా ఆయన దగ్గర కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మళ్ళీ తల్లినవ్వాలంటే ప్రాణం పోతోందని, ఆ ముక్కలు తెలుగులో ఎన్నడూ పెగలని గొంతుతో, వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకు చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. పక్కనే కూర్చుని టీ తాగింది.

ఆ వారం వాపు చెంప మీంచి మెడవైపు జారింది. నోరు సగమే తెరుచుకునేది. నేను గంజి కాచి పట్టుకెళ్ళాను, ఆవిడ వండుకునే జుక్ కూడా గంజే, ఒక్క చెంచాతో సరిపెట్టుకుని గిన్నె పక్కన పెట్టేసింది. మింగుతుంటే గొంతులో ఏదో అడ్డం పడుతోందని సైగ చేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తీయించుకుంటే మనవరాలికో మనవడికో ముప్పని ఆవిడ, తీయించుకోకపోతే ఆవిడే పోతుందని నేను. ఆవిడ ఎదురుగా కూర్చుని ఏం చేయాలో తోచక, చిన్నప్పుడు పన్నూడితే మా ఇంట్లో ఏం చేసేవాళ్ళో ఊరికే గుర్తొచ్చింది. పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరేవాళ్ళం. కొత్త పన్ను తొందరగా రావాలని.

"చిన్నప్పుడు మీ పన్నూడితే ఏం చేసేవాళ్ళు ఆంటీ?"

ఆవిడ కళ్ళెత్తింది. "కింది పన్ను ఇంటి కప్పు మీదికి. పై పన్ను మంచం కిందికి. కొత్తది తిన్నగా వస్తుంది."

"మాకూ కప్పు మీదికే. సంతలో తీసిన ఆ పన్ను ఏమైంది?"

"వాడే పారేశాడు. మురికికాలవలో" అంది ఆవిడ.

"ఈసారి మనం అడిగి తెచ్చుకుందాం. కప్పు మీద వేద్దాం. పోయిన పన్ను కాదు, కొత్తపన్ను కోసం వేసిన పన్ను అవుతుంది. పుట్టబోయేవాళ్ళ కోసం."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఏ శాస్త్రంలోనూ లేదు, వాళ్ళదీ మాదీ కలిపి అప్పటికప్పుడు నేను అల్లింది. ఇది నిజం కాకపోతే ఆ పాపం ఎవరిది? ఆంటీ మాత్రం లేచి కోటు అందుకుంది.

సర్జరీ కుర్చీలో ఆవిడ నా కుడిచేతి వేళ్ళన్నీ కలిపి పట్టుకుంది. గరిటెలు తిప్పి తిప్పి రాటుదేలిన చేయి. సూది గుచ్చినప్పుడూ, పట్టకారుతో లాగినప్పుడూ ఆవిడ నోట్లోంచి శబ్దం రాలేదు. అరిచినంత పని చేసింది నేనే. పన్ను మాకు కావాలని నేను ముందే అడిగాను. డాక్టరమ్మ ఎందుకని అడగలేదు. పన్ను కడిగి, పాలపళ్ళు ఊడిన పిల్లలకిచ్చే నీలిరంగు ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చింది. డెబ్భై దాటిన మనిషి ఆ డబ్బాను రెండు చేతులతో అందుకుంది.

ఇంటికి తిరిగి పెరట్లోకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మా రెండు ఇళ్ళ వెనకా వంటింటి మీద వాలుగా పెంకుల కప్పు ఉండేది. ఆంటీ నోటినిండా దూది. చేయెత్తి విసిరింది. పన్ను గోడకు తగిలి గడ్డిలో పడింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాం. చివరికి గులాబీ కుండీ పక్కన దొరికింది. ఆవిడ దాన్ని నా అరచేతిలో పెట్టి, నువ్వు వెయ్యమని కప్పు చూపించింది. విసిరాను. పెంకు మీద టక్కుమంది, దొర్లింది, తర్వాత చప్పుడు లేదు. ఉందా, జారి కప్పు అంచున వాననీళ్ళు పట్టే గట్టర్‌లో పడిందా? ఇద్దరం పైకే చూస్తూ నిలబడ్డాం. ఆంటీ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ సంచీతో మా గుమ్మంలో నిలబడింది. మేకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట. అల్లుడు ఫోను చేశాడు. ఆవిడ నా ముఖంలోకి చూడలేదు. స్టేషన్‌దాకా వస్తానంటే వద్దని చేయి అడ్డంగా ఊపింది. ఆ వాచిన చెంపతో, ఒంటరిగా రైలెక్కి వెళ్ళిపోయింది.

మా ఆయనకు చెప్తే, "నీకేవన్నా మతిపోయిందా? పన్నుకీ పురిటికీ ఏంటే సంబంధం?" అన్నాడు. సంబంధం లేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం ఊరుకుంటుందా? ఫోను మోగుతుందేమోనని భయం, మోగడంలేదని భయం. వాన మొదలైంది. వంటింటి కిటికీ పక్కనే గట్టర్ గొట్టంలో నీళ్ళు గలగలా దిగుతుంటే, పన్ను కూడా ఆ నీళ్ళతో కొట్టుకుపోయి మురికికాలవలో కలుస్తుందని తోచింది. సంతలో పన్ను లాగే. ఇక కూర్చోలేకపోయాను.

షెడ్డులో ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన నిచ్చెన ఉంది. కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషిని. చున్నీ నడుముకి బిగించి, ఆంటీ పెరట్లో గోడకు నిచ్చెన ఆనించి, వానలో ఎక్కాను. ప్రతి మెట్టు మీదా ఇక దిగిపోదామనిపించింది. "రా, నువ్వూ రా" అని నా భయాన్ని గట్టిగా పిలిచాను, ఇంగ్లీషులో. గట్టర్ నిండా కుళ్ళిన ఆకులు, పాచి. చేయి పెట్టి కెలికాను. వేళ్ళకు గట్టిగా తగిలింది. ఉంది! గొట్టం మూతి దగ్గర ఆకుల్లో చిక్కుకుని ఉంది. తీసి, అందినంత పైకి చాచి, రెండు పెంకుల సందులో గట్టిగా దూర్చాను. అవతలి పెరట్లోంచి ఎవరో, ఇక్కడివాళ్ళ చనువు పిలుపుతో, "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అని కేకేశారు. ఆల్‌రైట్ కాదని చెప్పే ఓపిక లేక తలూపాను.

ఆంటీ తిరిగొచ్చేసరికి వసంతంలో పూసే డాఫోడిల్ పూలు వాడిపోయాయి. కంచె అవతల అలికిడి విని పరిగెత్తాను. ఆవిడ చెంప మామూలుగా ఉంది. అరచేతులు రెండూ దగ్గరగా పెట్టి ఇంతే ఉందని చూపించింది. "ఆడపిల్ల. గాజుపెట్టెలో ఉంచారు. ఇప్పుడు ఇంట్లో ఉంది. పాలు తాగుతోంది, గట్టిగా." నేను కంచె పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.

ఆవిడ కప్పువైపు చూసింది. "ఆరోజు గట్టర్‌లో పడింది. నేను విన్నాను. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వూ భయపడతావు."

"నేను ఎక్కి తీసి పెంకుల్లో పెట్టాను ఆంటీ."

"నువ్వా?" అంది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది, కప్పును చూసింది, మళ్ళీ నన్ను చూసింది. తర్వాత నవ్వింది. ఎడమవైపు ఆ ఖాళీ కనిపించేలా, నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆ వేసవిలోనే మిగతా పళ్ళూ చూపించుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని సర్జరీకి వెళ్ళింది. కుర్చీ ఎక్కిన ప్రతిసారీ భయపడింది, నా చేయి పట్టుకుంది. ఆ మరుసటేడు నేను నీలను కడుపున పెట్టుకుని నెలల తరబడి వణికినప్పుడు, రోజూ సాయంత్రం కంచె దగ్గరకొచ్చి, "చెప్పు, ఇవాళ ఏం భయం?" అని అడిగేది. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని.

ఆవిడ తర్వాత కూతురి దగ్గరికి మాంచెస్టర్ వెళ్ళిపోయింది. పోయిన చలికాలం అక్కడే నిద్రలో పోయింది. మే ఫోను చేసి చెప్పినప్పుడు, వెనకాల ఆ పిల్ల ఎవరితోనో గట్టిగా పోట్లాడుతున్న గొంతు వినిపించింది.

ఈ కథ నీలకు చెప్పాను. తెలుగులో ఏం చెప్పినా దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అది కాసేపు ఆలోచించి, "కానీ మమ్మీ, నా దెయ్యాలకి ఇంగ్లీషు వచ్చు కదా" అంది.

మొన్న సర్జరీలో, పన్ను మాకు ఇవ్వాలని కౌంటర్లో చెప్పి వచ్చి దాని పక్కన కూర్చున్నాను. లోపల మిషను కూత ఆగింది. ఇక మా పేరు పిలుస్తారు. నీల నా ఒళ్ళోకి ఎక్కి, చుట్టూ ఒకసారి చూసి, నా చెవికి నోరు ఆనించింది. ఎన్నడూ తెలుగులో జవాబివ్వని పిల్ల, నత్తినత్తిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "అమ్మా, నాకు భయం వేస్తోంది" అంది.

దాని చేతిని నా పిడికిట్లోకి తీసుకున్నాను. నాకూ భయంగానే ఉందని దాని చెవిలో చెప్పాను, ఇంగ్లీషులో. నర్సు తలుపు తీసి పేరు పిలిచింది. ఇద్దరం లేచి లోపలికి వెళ్ళాం.